సాఫ్ట్‌వేర్ కంటే ముందు స్కాన్‌లు భద్రపరచాలి

సంపాదకుడు గారికి,

మెదడులో గ్లయోమా కణితికి చికిత్స పొందిన పిల్లల్లో జబ్బు తిరగబెడుతుందో లేదో ఎంఆర్ఐ చిత్రాలను బట్టి ముందుగానే అంచనా వేసే కృత్రిమ మేధ పద్ధతిని బోస్టన్ పరిశోధకులు 2025లో ప్రకటించారు. మాస్ జనరల్ బ్రిగమ్, బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్, డానా ఫార్బర్ సంస్థలు కలిసి 715 మంది పిల్లల స్కాన్‌లు దాదాపు 4,000 పరిశీలించాయి. ఒక్క స్కాన్ చూసి చెప్పిన అంచనా సుమారు 50 శాతమే నిజమైంది. అంటే బొమ్మాబొరుసూ వేసినట్టే. చికిత్స తర్వాత విడతలవారీగా తీసిన స్కాన్‌లను వరుసలో పోల్చి చూసినప్పుడు మాత్రం ఏడాదిలోగా తిరగబెట్టే అవకాశాన్ని 75 నుంచి 89 శాతం కచ్చితత్వంతో చెప్పగలిగారు. అందుకు నాలుగు నుంచి ఆరు స్కాన్‌లు ఉంటే చాలునట.

ప్రభుత్వ ఆసుపత్రిలో చాలాకాలం రేడియోగ్రాఫర్‌గా పనిచేసిన నాకు ఇది చదవగానే వచ్చిన సందేహం ఒక్కటే. ఒకే బిడ్డవి నాలుగు స్కాన్‌లు, కంప్యూటర్ చదవగలిగే రూపంలో, మన దగ్గర ఎక్కడున్నాయి?

మొదటి స్కాన్ జిల్లా కేంద్రంలోని డయాగ్నస్టిక్ సెంటర్‌లో జరుగుతుంది, రెండోది హైదరాబాదులో ఆపరేషన్‌కు ముందు, మూడోది ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ. తల్లిదండ్రుల చేతికి వచ్చేది ఫిల్మే. మిషన్‌లో వందలాది పొరల చిత్రాలుంటే ఫిల్ము మీదికెక్కేవి వాటిలో ఏరినవి కొన్నే. పాలిథిన్ కవరులో పెట్టి బీరువా మీద ఉంచిన థర్మల్ ఫిల్ము రెండు ఎండాకాలాలు గడిచేసరికి వేడికి నల్లబడుతుంది. సీడీ ఇచ్చినా దాన్ని తెరిచే డ్రైవు ఇప్పటి కంప్యూటర్లలో కనబడదు. ఆరోగ్యశ్రీ అనుమతి కోసం అప్‌లోడ్ చేసే రిపోర్టో, ఫిల్ము ఫొటోనో బిల్లు పాస్ కావడానికి సరిపోతుందేమో గానీ కణితి అంచున వచ్చిన ఒకటి రెండు మిల్లీమీటర్ల మార్పును కొలవడానికి పనికిరాదు.

మెదడు కణితులకే కాదు, ఎముక క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందేమోనని సీటీ తీసినప్పుడూ ఇదే సమస్య. ఇప్పుడు కనబడిన చిన్న చుక్క కిందటిసారి ఉందా లేదా అన్నదే డాక్టరు గారు మొదట అడిగే ప్రశ్న, పాత చిత్రం లేకపోతే దానికి జవాబుండదు.

ముప్పు తక్కువని నమ్మకంగా తేలిన బిడ్డకు స్కాన్‌ల మధ్య ఎడం పెంచవచ్చునని, ఎక్కువని తేలితే ముందుగానే మందు మొదలుపెట్టవచ్చునని ఆ పరిశోధకుల ఆశ. మొదటిదాని విలువ మిషన్ పక్కన నిలబడినవారికి బాగా తెలుస్తుంది. మూడేళ్ల పిల్ల ఆ చప్పుడులో కదలకుండా పడుకోదు కాబట్టి మత్తు ఇవ్వాలి, మత్తు ఇవ్వాలంటే గంటల ముందునుంచే పాలు కూడా పట్టకూడదు. ఆకలితో ఏడ్చే పిల్లను ఎత్తుకుని తల్లి వరండాలో తిరుగుతూ ఉంటుంది, తండ్రికి ఆ రోజు కూలి పోయినట్టే. ఇలాంటి ప్రయాణాలు ఏడాదికి రెండు తగ్గినా ఆ కుటుంబానికి పెద్ద ఊరట.

అయితే, ఇంకా పరీక్షలు జరగనిదే దీన్ని వైద్యంలో వాడలేమని ఆ పరిశోధకులే చెప్పారు. అక్కడి మిషన్ల మీద, అక్కడి పద్ధతిలో తీసిన చిత్రాలతో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ 1.5 టెస్లా అయస్కాంత శక్తి ఉన్న మన మిషన్ మీద, రద్దీ వల్ల కుదించి తీసిన స్కాన్ విషయంలోనూ అంతే సరిగ్గా చెబుతుందన్న హామీ ఏమీ లేదు. మన పిల్లల చిత్రాలతో సరిచూడకుండా కొని, తెరమీద వచ్చిన శాతాన్ని తల్లిదండ్రులకు జాతకంలా చదివి వినిపిస్తే అంతకంటే అన్యాయం ఉండదు.

చిత్రాలను భద్రపరచడంలోనూ జాగ్రత్త కావాలి. తల ఎంఆర్ఐ నుంచి ముఖాన్ని తిరిగి రూపొందించవచ్చు కనుక పేరు తీసేసినంత మాత్రాన గోప్యత దక్కదు, ముఖభాగాన్ని కూడా చెరిపేయాలి. పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. ఆ సమ్మతి పత్రం తెలుగులో, చదివి అర్థం చేసుకోగలిగేలా ఉండాలి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ పిల్లలకు తీసే ప్రతి స్కాన్‌కూ పూర్తి డైకామ్ ఫైళ్లు (మిషన్ తీసిన అన్ని పొరల చిత్రాలూ కంప్యూటర్ చదవగలిగే రూపంలో) అందిన తర్వాతే ప్రభుత్వాలు బిల్లు చెల్లించాలి. ఆ ఫైళ్లు హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి గానీ, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి గానీ, బిడ్డ ఏ ఆసుపత్రికి వెళితే అక్కడి డాక్టరుకు తెరుచుకోవాలి. వచ్చే స్కానింగ్ టెండర్లలోనే ఈ షరతు చేర్చవచ్చు, కొత్త మిషన్ ఒక్కటీ కొననక్కరలేదు.

— ఒక విశ్రాంత రేడియోగ్రాఫర్, ఖమ్మం