ఆర్‌వో మిషన్ ఉన్నా ట్యాంకులు నిండాల్సిందే

సంపాదకులు గారికి,

నౌకాదళం తెరచాప పడవ తారిణి గురించి మీ పత్రికలో చదివినవాళ్లు అడుగుతున్న మాట ఒకటుంది: చుట్టూ సముద్రం, పడవలో ఉప్పు తీసి మంచినీళ్లు చేసే ఆర్‌వో మిషన్, ఇక నీళ్లకేం కొదవ? వీధికో వాటర్ ప్లాంటున్న అనంతపురంలో ఈ మాట రావడం సహజమే. కానీ మన బోరు నీళ్లలో లీటరుకు ఒకటి రెండు గ్రాముల లవణాలుంటేనే ఉప్పన అంటాం. సముద్రంలో 35 గ్రాములు. అక్కడ పంపు 55 బార్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 55 రెట్లు, ఒత్తిడి పెడితేగాని మంచినీళ్లు రావు. బ్యాటరీ దిగినా, ఒక సీలు పోయినా అంతే సంగతులు.

అందుకే మిషన్ ఇచ్చే నీళ్లు లెక్కలోకి రావు. 2017 సెప్టెంబరు 10న తారిణిలో గోవా నుంచి బయల్దేరిన ఆరుగురు మహిళా అధికారులకు ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ చేరేసరికి ఆరు వారాలు దాటింది. అలాంటి ప్రయాణానికి తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున 42 రోజులకు 1,008 లీటర్లు, అంటే మన ఇరవై లీటర్ల క్యాన్లు యాభై. గాలి పడిపోతే ప్రయాణానికి ఇంకా రోజులు పడతాయి గనక పైన ఇంకో సగం. స్నానం ఉప్పునీళ్లతోనే, ఆఖర్న ఒక చెంబు మంచినీళ్లు దొరికితే భాగ్యం.

ఇదంతా ఒకే ట్యాంకులో పోస్తే ముప్పే. రెండు మూడు ట్యాంకులుండి, దేని వాల్వు దానికి ఉండాలి. పైపు క్లిప్పు ఒకటి వదిలితే చాలు, ప్రెషర్ పంపు తెల్లారేలోగా ట్యాంకు నీళ్లన్నీ పడవ అడుగుకు తోడిపోస్తుంది. కొళాయి కట్టేసినా పంపు మోత ఆగలేదంటే అదే గుర్తు. వంట దగ్గర కాలితో తొక్కే పంపు మేలు, తొక్కినంతే వస్తుంది. కొన్ని నీళ్లు క్యాన్లలోనూ ఉంచాలి, అంచుదాకా నింపకుండా. పడవ వదిలేయాల్సి వస్తే అవి తేలతాయి.

మిషన్‌లో ఉప్పును ఆపే పొర మెంబ్రేన్. దానికి వాడకం లేకపోయినా చేటే, లోపల పాచి పడుతుంది. మంచినీళ్లతో కడగాలి, ఆ నీళ్లలో క్లోరిన్ ఉంటే మెంబ్రేన్ చెడుతుంది కాబట్టి ముందు కార్బన్ ఫిల్టరు దాటించాలి. డీజిల్ తేలే రేవు నీళ్లలో మిషన్ వేయనే కూడదు.

వాన పడితే తెరచాప మీంచి జారే మొదటి నీళ్లు వదిలేసి, నాలుక మీద వేసుకుని ఉప్పు తగలనప్పుడే పట్టాలి. అన్నానికి మూడు పాళ్ల మంచినీళ్లకు ఒక పాలు సముద్రపు నీళ్లు కలపొచ్చు, వేరే ఉప్పు అక్కర్లేదు. తాగడం మాత్రం వద్దు: ఆ ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండాలు తాగినదానికన్నా ఎక్కువ నీళ్లు ఖర్చు చేస్తాయి.

రోజూ పొద్దున ట్యాంకులో పుల్ల ముంచి కొలిచి రాసుకోవాలి. ఆరుగురికి 24 లీటర్లకు మించి తగ్గిందంటే అది లీకో దుబారానో ఆ రోజే తేల్చుకోవాలి.

– విశ్రాంత మెరైన్ ఇంజనీరు, అనంతపురం