తెల్ల రివెట్ల చాకు మీ దగ్గరుంటే వెనక్కి తెచ్చివ్వండి

రాణిగంజ్‌లో మా షాపుకి ఏళ్ల తరబడి వస్తున్న వాళ్లందరికీ నమస్కారం. ముందు అసలు పని చెబుతాను. పోయిన దసరా నుంచి ఈ ఫిబ్రవరి దాకా మా దగ్గర 650 రూపాయల మడత చాకు, అంటే పిడి మీద మా షాపు పేరు చెక్కిన చాకు, కొన్నవాళ్లు ఒకసారి దాన్ని బయటికి తీసి చూడండి. పిడికి కొట్టిన రివెట్లు పసుపుగా ఉంటే అవి ఇత్తడివి. అది పాత సరుకు, భయం లేదు. తెల్లగా ఉంటే ఇనుపవి. ఆ చాకుని ఇవాళ్టి నుంచి వాడొద్దు. షాపుకి తెచ్చివ్వండి. బిల్లు అక్కర్లేదు, డబ్బా అక్కర్లేదు, ఎంత అరిగిపోయినా పర్లేదు. మొత్తం డబ్బు తిరిగి ఇస్తాను.

గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూలు తెచ్చి పెళ్లి మండపాలు కట్టే ఒకాయన తొమ్మిదేళ్లుగా మా దగ్గరే చాకులు కొంటున్నాడు. ఫిబ్రవరిలో ఒక రోజు చూపుడువేలికి కట్టుతో వచ్చాడు. వెదురు బొంగుకి బిగిసిపోయిన తాడు ముడిలో చాకు మొన దూర్చి నొక్కితే లాక్ జారి అలుగు, అంటే కోసే రేకు, వేలి మీదికి మూసుకుపోయిందట. మూడు కుట్లు పడ్డాయి. గొడవ పెట్టుకోవడానికి రాలేదాయన. చాకు నా చేతిలో పెట్టి, "నేనే తప్పుగ పట్టుకున్ననా అన్నా?" అని అడిగాడు. నలభై ఏళ్లుగా ఈ గల్లా దగ్గర కూర్చుంటున్నాను. నన్ను ఎవరైనా తిట్టినా ఇంత బాధ కలగలేదు.

ఆ చాకు తెరిచాను. లాక్ టక్కుమని పడింది. తిరగేసి వీపుని కౌంటర్ చెక్కకి ఆనించి కాస్త బలంగా నొక్కితే మూసుకుపోయింది. స్టాకులోంచి పది తీసి అలాగే చూశాను. నాలుగు జారాయి. ఆ సాయంత్రమే అన్నీ షోకేసులోంచి తీసేశాను.

లాక్ ఎందుకు జారిందో కాస్త వివరంగా చెప్పాలి, తర్వాత నేను తీసుకున్న నిర్ణయానికి మూలం అదే. ఈ చాకు పిడి వీపున ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. అలుగు పూర్తిగా తెరవగానే ఆ పట్టీ కొన అలుగు మొదట్లో ఉన్న గాడిలో కూర్చుంటుంది. ఆ గాడి వేరే ముక్క కాదు, అలుగులోనే కోసింది. కాబట్టి అలుగు ఉక్కు మెత్తగా ఉంటే పదును పోవడంతో ఆగదు, గాడి మూలలు కూడా అరిగి గుండ్రబడతాయి. టక్కుమన్న చప్పుడు మాత్రం ఎప్పటిలాగే వస్తుంది. పని చేసుకునే మనిషి ఆ చప్పుడుని నమ్మి బరువు వేస్తాడు.

అలుగు మెత్తగా ఎందుకుందంటే పాయనం సరిగ్గా పడలేదు. కొలిమి దగ్గర పాయనం అంటారు, ఫ్యాక్టరీలో హీట్ ట్రీట్‌మెంట్ అంటారు. ఈ రకం స్టెయిన్‌లెస్ ఉక్కుని వెయ్యి డిగ్రీలు దాటేదాకా కాచి, గబగబా చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో కాసేపు ఉంచాలి. ఏ మెట్టు దగ్గర తొందరపడినా పైకి ఏమీ కనిపించదు. అదే మెరుపు, అదే ముద్ర. బాలానగర్‌లో టెస్టింగ్ చేసేచోట ఐదు చాకులు ఇచ్చాను. రాక్‌వెల్ మిషన్ వజ్రపు మొనని 150 కిలోల బలంతో ఉక్కులోకి నొక్కి, ఎంత లోతు దిగిందో చూసి గట్టిదనాన్ని అంకెలో చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ ఉక్కు గట్టిది. సప్లయర్‌తో మా ఒప్పందం 56కి తగ్గకూడదని. ఐదింటిలో ఎక్కువ వచ్చింది 51, తక్కువ వచ్చింది 47.

నేను అడిగిన 56 గొంతెమ్మ కోరికేం కాదు. ప్రపంచమంతా జేబులో వేసుకు తిరిగే విక్టోరినాక్స్ చాకు అలుగు గట్టిదనం కూడా ఆ దగ్గర్లోనే ఉంటుంది.

సప్లయర్ పేరు చెప్పను. వేరే రాష్ట్రం ఆయన. పదకొండేళ్ల సంబంధం. వాళ్లమ్మాయి పెళ్లికి రైలెక్కి వెళ్లొచ్చాను. రిపోర్టు పంపి ఫోన్ చేస్తే ముందు ఉక్కు అదేనన్నాడు. తర్వాత, పండగ ఆర్డర్లు ఎక్కువై పాయనం పని బయట ఇచ్చానన్నాడు. నాతో ఒక్క మాట అనలేదేమని అడిగితే, "650 రూపాయల చాకుకి ఇంత పట్టింపా భాయ్? జేబులో పెట్టుకుని పండ్లు కోసుకునే దానికి ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆ పైన, వచ్చే లాటుకి చాకుకి 40 రూపాయలు తగ్గిస్తానన్నాడు.

ఆ 40 రూపాయల మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంది. మూడు కుట్లు పడ్డ మనిషి నా ఎదురుగా నిలబడి తప్పు తనదేమో అని అడిగితే, చేసినవాడు నాకు డిస్కౌంట్ ఇస్తానంటాడు! పోయిన వారం మళ్లీ ఫోన్ చేసి ఈసారి అన్నీ టెస్ట్ చేయించి పంపుతానన్నాడు. వద్దని చెప్పేశాను. మా ఆవిడ కూడా ఒక్క తప్పుకి పదకొండేళ్లు తెంచుకుంటారా అంటోంది. తప్పు చేసినందుకు తెంచుకోలేదు. ఎవరు చూస్తారన్నందుకు తెంచుకున్నాను.

నా తప్పు కూడా ఉంది, అదీ చెప్పాలి. లాటు విప్పిన రోజే తెల్ల రివెట్లు చూశాను. ఇత్తడి రేటు పెరిగిందంటే సరే అనుకున్నాను. కొత్త సరుకు రాగానే ఒక చాకు తీసి అలుగు వీపు మీద ఆకురాయితో గీయమని నాన్న నేర్పారు. పాయనం సరిగ్గా పడిన ఉక్కు మీద ఆకురాయి కీచుమని జారిపోతుంది. పడకపోతే పట్టుకుంటుంది, పొడి రాలుతుంది. అర నిమిషం పని. నాన్నది నిజామాబాద్ జిల్లా. ఒకప్పుడు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారని గర్వంగా చెప్పేవారు, అలాంటి చోటు నుంచి వచ్చి ఉక్కు చూడకుండా అమ్మకూడదనేవారు. దసరా రద్దీలో నేను ఆ అర నిమిషం పెట్టలేదు. ఫిబ్రవరిలో గీస్తే పొడి రాలింది. ఆ లాటులో 400 వచ్చాయి, 286 అమ్మాను. ఇప్పటికి 93 వెనక్కి వచ్చాయి.

ఇక రెండో విషయం. 650 చాకు పోయాక షోకేసులో పెద్ద ఖాళీ మిగిలింది. దాని స్థానంలో ఏం పెట్టాలి, ఖరీదైనదా, చవకదా? ఆరు వారాలు నాకు దీని మీదే టెన్షన్. ఆన్‌లైన్ ఆర్డర్లు చూసుకునే మా అబ్బాయి ఖరీదైనవే పెడదామన్నాడు. ఒక డిస్ట్రిబ్యూటర్ 14,000 రూపాయల మడత చాకు శాంపిల్ ఇచ్చి వెళ్లాడు. అది ఒకటి అమ్మితే మిగిలేది, చవక చాకులు ఓ నలభై అమ్మినా మిగలదు. లెక్క వాడిదే కరెక్టు.

నేను ఆ 14,000 చాకుని కుడి జేబులో, 240 రూపాయల చాకుని ఎడమ జేబులో పెట్టుకుని తిరిగాను. 240ది ఒక చిన్న కార్ఖానాలో చేసిన మామూలు కార్బన్ ఉక్కు చాకు, చెక్క పిడి, లాక్ లేదు. వీపున ఉన్న స్ప్రింగ్ బిగువుతోనే అలుగు నిలబడుతుంది.

ఖరీదైన చాకు నిజంగా గొప్పది. ఉక్కుని పొడిచేసి, ఆ పొడిని వేడితో, ఒత్తిడితో మళ్లీ ముద్దచేసి తయారుచేసే రకం, ఎస్35విఎన్ అంటారు. ఆరు వారాలు రోజూ అట్టపెట్టెలు కోసినా సానరాయి అడగలేదు. లాక్ రాయిలా ఉంది, కౌంటర్‌కి ఆనించి నా బరువంతా వేసినా కదల్లేదు. 240దానికి నాలుగైదు రోజులకోసారి రెండు నిమిషాలు సాన పట్టాల్సి వచ్చింది. నిమ్మకాయ కోసి తుడవడం మరిచిపోతే గంటలో నల్లబడింది. అంతా చూసి మా అబ్బాయి, "ఇంకేం ఆలోచిస్తున్నారు నాన్నా?" అన్నాడు.

నాలుగో వారంలో అనుకుంటా, లోడు దింపుతున్న హమాలీ ప్లాస్టిక్ పట్టీ తెంపడానికి చాకు ఇవ్వమని చెయ్యి చాపాడు. ఆలోచించకుండా ఎడమ జేబులోది ఇచ్చాను. ఇచ్చాక తట్టింది, ఈ నాలుగు వారాల్లో కుడి జేబులోది ఎవరి చేతికీ ఇవ్వలేదు. టీ కొట్టు దగ్గర అడిగినా, మా ఆవిడ మామిడికాయలు కోయడానికి అడిగినా ఎడమ జేబుకే చెయ్యి వెళ్లింది. స్నానానికి వెళ్లేటప్పుడు కూడా కుడిదాన్ని బీరువాలో పెట్టి వెళ్లేవాణ్ని. చాకు నాకోసం పని చేయాల్సింది పోయి నేను దానికి కాపలా కాస్తున్నాను.

మీలో చాలామంది చాకులు పోగొట్టుకుంటారు, నాకు తెలుసు. శంషాబాద్‌లో చేతి సంచిలో మరిచిపోయి సెక్యూరిటీ దగ్గర వదిలేసి వచ్చి, తిరిగి రాగానే ఇంకోటి కొన్నవాళ్లు ఏటా ఉంటారు. (విమానంలో వెళ్లేటప్పుడు చెక్-ఇన్ లగేజీలో వేయండి, ఎన్నిసార్లు చెప్పినా చాలదు.) 240 పోతే ఒక పూట విసుగు. 14,000 పోతే? పైగా ఆ ఉక్కులో వెనేడియం, కార్బన్ కలిసిన కణాలు ఎంత గట్టివంటే మామూలు సానరాయి మీద అరగడం కష్టం, డైమండ్ ప్లేటు అయితే మేలు. మీ వీధిలో సైకిల్ మీద వచ్చే సాన అతని చేతికి దాన్ని ఇవ్వలేరు.

అందుకని ఖరీదైనవి షోకేసులో పెట్టడం లేదు. నిజంగా దాని మీద మక్కువ ఉన్నవాళ్లు అడిగితే తెప్పిస్తాను, దాచకుండా మంచీ చెడూ చెప్పి ఇస్తాను. చూపించి ఆశపెట్టి మాత్రం అమ్మను. మా అబ్బాయికి ఇది ఇంకా నచ్చలేదు.

చవక చాకు విషయంలో మాత్రం ఒక గీత గీసుకున్నాను. రెండు వేల లోపు లాక్ ఉన్న మడత చాకు మా షాపులో ఇక దొరకదు. పదును తక్కువ డబ్బుకి వస్తుంది, మంచి లాక్ రాదు. గాడి, పట్టీ వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి, రెండూ సరైన గట్టిదనంతో ఉండాలి. ఆ పనికి డబ్బవుతుంది. ఆ డబ్బు పెట్టకుండా లాక్ పెట్టడం అంటే, లేని భరోసాని చప్పుడు చేసి అమ్మడం. ఇన్నేళ్లూ 650కి ఆ భరోసా ఇవ్వగలనని అనుకున్నాను. పాత ఇత్తడి రివెట్ల చాకులు ఇచ్చాయి కూడా. కానీ ఇంకొకరి కొలిమి మీద ఆధారపడి, ప్రతి చాకుకీ నేను పూచీ పడలేను.

లాక్ లేకపోతే ఎలా అని పది మంది అడిగారు. ఫ్రాన్స్‌లో ఒపినెల్ చాకు 1890 నుంచి ఉంది. దానికి తిప్పే రింగు లాక్ వచ్చింది 1955లో. అంతకుముందు 65 ఏళ్లు అక్కడి రైతులు లాక్ లేకుండానే వాడుకున్నారు. స్విస్ సైనికులకి 1891లో ఇచ్చిన చాకుకీ లాక్ లేదు, ఇవాళ్టి విక్టోరినాక్స్ మామూలు జేబు సైజులో పెద్ద అలుగుకీ ఉండదు. లాక్ లేదని తెలిసినవాడు చాకుని చాకులా పట్టుకుంటాడు. కోయడానికి వాడతాడు, పొడవడానికి, దూర్చి తిప్పడానికి వాడడు. ముడి విప్పడానికి, మొనతో గుచ్చడానికి మడత లేని చిన్న కత్తి, ఒరతో సహా 320కి ఉంది. అలాంటి పని ఉన్నవాళ్లు అదే తీసుకోండి, మడత చాకు అడగొద్దు.

కొత్త 240 చాకులు వచ్చాయి. ఈసారి ఒకటి కాదు, పెట్టెకి ఐదు చొప్పున నేనే ఆకురాయి పెట్టి చూశాను. వాటి మీద మా షాపు పేరు లేదు. పాయనం పట్టేచోట నేను నిలబడి చూసేదాకా ఏ చాకు మీదా మా పేరు చెక్కించను. ఇంటికి వెళ్లాక కొబ్బరినూనె ఒక చుక్క రాయండి, పులుపు కోస్తే వెంటనే తుడవండి. మొదటి ఏడాది సాన ఉచితం. మాకు ఆదివారం సెలవు, తక్కిన రోజుల్లో ఎప్పుడు తెచ్చినా నిలబడినంతసేపట్లో పట్టి ఇస్తాను. విక్టోరినాక్స్, ఒపినెల్ ఎప్పటిలాగే ఉంటాయి.

వెనక్కి వచ్చిన తెల్ల రివెట్ల చాకులు ఇంకెవరికీ అమ్మడం లేదు, పాత సామానుకీ వేయడం లేదు. అలుగుని గ్రైండర్ మీద రెండు ముక్కలు చేస్తున్నాం.

పూల పని ఆయన డబ్బు తీసుకోనన్నాడు. బలవంతంగా ఇచ్చాను, ఆస్పత్రి ఖర్చు కూడా ఇచ్చాను. 320 కత్తి తీసుకుని వెళ్లాడు.

ఇంకా 193 చాకులు బయట ఉన్నాయి. మీలో కొందరు వాటిని దసరాకి మీ దగ్గర పనిచేసేవాళ్లకి, ఊళ్లో బావమరుదులకి, బాబాయిలకి కొనిచ్చారు. నాలుగు, ఐదు కలిపి తీసుకెళ్లినవాళ్లు నాకు గుర్తున్నారు. దయచేసి వాళ్లకి ఇవాళే ఫోన్ చేసి రివెట్ల రంగు ఏమిటో అడగండి. ఊరి నుంచి కొరియర్‌లో పంపితే ఆ ఖర్చు కూడా నాదే.