పాత ఇంటి అర్రకు పుట్టీ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న కొల్లాపూర్ వైపు చుట్టాల పెళ్లికి పోయి, మా అమ్మతో కలిసి రెండు రోజులు ఒక పాత భవంతిలో దిగాను. తాతల కాలం నాటి ఇల్లు, ఇప్పుడు ఇంటివాళ్లే నాలుగు అర్రలు అతిథులకు ఇస్తున్నారు, పొద్దున టిఫిన్ కూడా వాళ్లే పెడతారు. మనుషులు చాలా మంచివాళ్లు, మర్యాదకు ఏ లోటూ లేదు. నా బాధంతా ఆ అర్రల గురించే.

పైన టేకు దూలాలు కనబడకుండా ఫాల్స్ సీలింగ్ కొట్టించారు. కింద బండలు పీకేసి నున్నటి టైల్స్ వేశారు, కాళ్లు తడిగా ఉన్నప్పుడు మా అమ్మ గోడ పట్టుకుని నడవాల్సి వచ్చింది. ఏసీ కోసం ఉన్న రెండు కిటికీల్లో ఒకటి మూసేశారు. మంచం వెనక గోడకు సిమెంటు, దాని మీద పుట్టీ, ఆ పైన రంగు. అదేమో అరచేయంత మేర ఉబ్బిపోయి గోరు తగిలితే పొడిపొడిగా రాలుతోంది, రాత్రంతా ఒకటే చెమ్మ వాసన. డంగు సున్నంతో కట్టిన గోడ నేలలోంచి పీల్చిన తేమను మెల్లగా బయటికి వదులుకుంటుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ తేమకు పోయే దారి ఉండదు, లోపలే ఉండి ఉప్పు పొంగి పూతను ఊడగొడుతుంది. డబ్బులు పెట్టి మరీ గోడను పాడుచేసుకున్నట్టే కదా.

పొద్దున ఇంటావిడ మూలనున్న అర్ర తెరిచి చూపించారు. ఇంకా బాగుచేయించలేదని, లోపల వడ్ల బస్తాలు ఉన్నాయని మొహమాటపడుతూనే చూపించారు. జంట తలుపుల దర్వాజ, గోడలో దీపపు మసి అంటిన గూడు, తలెత్తితే దూలాలు. బయట ఎండ మాడుస్తుంటే ఆ గోడకు చేయి ఆనిస్తే చల్లగా ఉంది. మా అమ్మ ఆ బస్తా మీదే కూర్చుని, "నాకు ఈ అర్రలోనే మంచం వేసి ఉంటే బాగుండు" అంది.

సౌకర్యాలు వద్దని కాదు. పెద్దవాళ్లకు కమోడ్ కావాలి, పట్టుకోవడానికి కడ్డీ కావాలి, ఫ్యాన్ కావాలి. బాత్రూం అర్రలోనే ఇరికించకుండా దొడ్డివైపు విడిగా కట్టి ఒక తలుపు పెడితే సున్నపు గోడకు నీళ్లు తగలవు.

2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు చూడటానికి వచ్చినవాళ్లు చాలామంది రాత్రికి కర్నూలు పోయి లాడ్జీలో పడుకుంటున్నారు. ఇలాంటి చోట్ల పాత ఇళ్లకు మంచి రోజులు రావచ్చు. యజమాని ఆ ఇంట్లోనే ఉంటూ ఒకటి నుంచి ఆరు గదుల దాకా అతిథులకు ఇచ్చే కేంద్ర పథకం కూడా ఉంది. పర్యాటక శాఖవాళ్లు ఇలాంటి ఇళ్లకు అనుమతి ఇచ్చేటప్పుడే సున్నం పని తెలిసిన మేస్త్రీని ఒకసారి పంపి, ఏది ముట్టుకోవద్దో చెప్పిస్తే ఎంత మేలు. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు వెతికితే గానీ దొరకడం లేదు, ఇంటివాళ్లు ఎక్కడని వెతుక్కుంటారు?

ఆ మూల అర్రకు దసరాలోపు పుట్టీ పెట్టిస్తామని ఇంటావిడ చెప్పారు. వాళ్ల ఇంటికి మీ పేపరే వస్తుంది, అరుగు మీద చూశాను. దయచేసి ఈ ఉత్తరం ఆలోపే వేయండి.

- ఒక పాఠకురాలు, నల్లగొండ