లీటరు పెట్రోలు, హైస్కూలు పిల్లలు: విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇరవై తొమ్మిదేళ్లు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. ప్రభుత్వ హైస్కూళ్ల విద్యార్థులు అతి తక్కువ ఇంధనంతో నడిచే బండ్లను స్వయంగా తయారుచేసి పోటీపడేలా ఏటా రాష్ట్రస్థాయి పోటీ ఒకటి నిర్వహించాలని మనవి చేసుకుంటున్నాను.

ఇది ఇంజనీరింగ్ కాలేజీల పని అని తమ శాఖలోనే ఎవరైనా అనవచ్చు. కానీ 2008లో అమెరికాలోని కాలిఫోర్నియాలో షెల్ చమురు కంపెనీ జరిపిన ఎకో-మారథాన్‌లో, అంటే తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం వెళ్లే బండ్ల పోటీలో, విశ్వవిద్యాలయాల జట్లను దాటి ముందు నిలిచింది ఇండియానా రాష్ట్రం ఇవాన్స్‌విల్‌లోని మేటర్ డే అనే హైస్కూలు. వాళ్ల బండి గ్యాలనుకు 2,843 మైళ్లు, అంటే మన లెక్కలో లీటరుకు సుమారు 1,200 కిలోమీటర్లు ఇచ్చింది. 1939లో షెల్ శాస్త్రవేత్తల మధ్య పందెంగా మొదలైనప్పుడు ఆ పోటీలో గెలిచిన కారు ఇచ్చింది గ్యాలనుకు 50 మైళ్ల లోపే. అంతకన్నా నన్ను కదిలించింది ఫిలడెల్ఫియాలోని వెస్ట్ ఫిలడెల్ఫియా హైస్కూలు. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే ఆ ప్రభుత్వ బడిలో ఆటోమొబైల్ కోర్సు చదువుతున్న విద్యార్థులు, గ్యాలనుకు వంద మైళ్లు ఇచ్చే కార్ల కోసం కోటి డాలర్ల బహుమతితో పెట్టిన ఎక్స్ ప్రైజ్ పోటీలో కంపెనీలతో తలపడి, 2010లో ట్రాక్ మీద పరీక్షల దాకా వెళ్లారు. గెలవలేదు. కానీ వందకు పైగా జట్లు బరిలోకి దిగిన ఆ పోటీలో, అప్పటికే ఎన్నో జట్లు ఇంటిముఖం పట్టాయి.

ఎకో-మారథాన్‌లో గెలుపు వేగాన్ని బట్టి కాదు. బండిలో పోసేది కొద్దిపాటి ఇంధనం, అది కూడా లోపల ఎంత ఉందో కంటికి కనిపించే చిన్న గాజు ట్యాంకులో. మన మెకానిక్కులు మైలేజీ చూడడానికి హ్యాండిల్‌కు చిన్న సీసా వేలాడదీసి ట్యూబు తగిలిస్తారే, ఇంచుమించు అదే పద్ధతి. ఇంజను ఎక్కువ లోడు మీద ఉన్నప్పుడే పెట్రోలును బాగా వాడుకుంటుంది కాబట్టి, నడిపే విద్యార్థి కాసేపు ఇంజను నడిపి, వేగం అందుకోగానే ఆపేసి, బండిని దాని మానాన దొర్లనిచ్చి, వేగం తగ్గాక మళ్లీ స్టార్ట్ చేస్తాడు. ఘాట్ దిగేటప్పుడు ఇంజను ఆపేసే మనవాళ్ల అలవాటును (రోడ్డు మీద అది ప్రమాదకరం, దాన్ని నేను సమర్థించడం లేదు) లెక్క కట్టి, చదునైన ట్రాక్ మీద చేయడమే ఇది. ఆ దొర్లడం ఎంత దూరం సాగుతుందన్నది టైర్లలో గాలి, బేరింగు, బ్రేకు రాసుకోవడం, బండి బరువు, గాలిని చీల్చే ఆకారం తేలుస్తాయి. ఘర్షణ గురించి తొమ్మిదో తరగతిలో నేను నల్లబల్ల మీద గీసిన బాణాలన్నీ ఇవే. బ్రేకు షూ కాస్త రాసుకుంటున్నందువల్ల తన బండి పది మీటర్ల ముందే ఆగిపోయిందని చూసిన పిల్లవాడికి ఆ బాణాలు మళ్లీ గీసి చూపించనక్కరలేదు.

భద్రత గురించి తమకు సందేహం రావడం సహజం. ఎకో-మారథాన్‌లో బండి ట్రాక్ ఎక్కడానికి ముందే, నడిపేవారు ఎవరి సాయమూ లేకుండా పది సెకన్లలో బయటకు రాగలగాలి. ఏటవాలు మీద నిలిపినప్పుడు బ్రేకులు బండిని కదలనివ్వకూడదు. ఈ రెండు పరీక్షలకూ కావలసింది ఒక స్టాప్‌వాచీ, ఒక చెక్క వాలు. పోటీని రోడ్డు మీద కాక, పోలీసు పరేడ్ మైదానం వంటి మూసి ఉన్న చోటనే జరపాలి.

ఇక డబ్బు సంగతి. పిల్లలు తమ చేతులతో వస్తువులు తయారుచేసి నేర్చుకునేందుకు బడుల్లో పెట్టే ప్రయోగశాలల కోసం 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం కింద ఎంపికైన ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఉంది. ప్రభుత్వ బడుల్లో అయిదేళ్లలో మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. నేను చివరిగా పనిచేసిన చోట అలాంటి ల్యాబులో త్రీడీ ప్రింటరు ఉంది. దాని మీద కప్పిన ప్లాస్టిక్ కవరు మాత్రం తనిఖీ రోజున తప్ప తీసేవారు కాదు, పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో. ఆ భయంలో నా వాటా కూడా ఉందని ఒప్పుకుంటున్నాను. చేయించడానికి ఒక పని, చూపించడానికి ఒక తేదీ ఉండి ఉంటే ఆ కవరు ఎప్పుడో తొలగేది.

కాబట్టి మొదటి ఏడాది జిల్లాకు రెండు బడులతో మొదలుపెట్టండి. ఒక్కో జట్టుకు పాత మోపెడ్ ఇంజను ఒకటి ఇప్పించి, దగ్గరలోని ఐటీఐని జతచేసి, వెల్డింగు పిల్లల చేత కాక ఐటీఐ వారి చేత చేయించండి. విజయవాడ ఆటోనగర్ మెకానిక్కులను గౌరవవేతనం మీద పిలిపించండి. కార్బురేటరు గురించి వారికి తెలిసింది మా ఉపాధ్యాయుల్లో చాలామందికి తెలియదు. అన్నిటికన్నా ముందు, పిల్లలు వాడగా పాడైన పరికరానికి ప్రధానోపాధ్యాయుణ్ని బాధ్యుణ్ని చేయబోమని ఒక ఉత్తర్వు జారీ చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు