ఒరేయ్ క్యాషియరూ, నీ బండి సంగతి చెప్పేశాను

ఒరేయ్ క్యాషియరూ,

దసరాకి నువ్వు పెట్టిన అంత పెద్ద మెసేజ్‌కి కార్తీకం వెళ్లిపోయాక జవాబు రాస్తున్నాను, తిట్టుకో, పడతాను. ఇంట్లో అందరం బాగున్నాం, అమ్మ మోకాలు అలాగే ఉంది, పెద్దది తొమ్మిదికి వచ్చింది, మస్కట్ ఖర్జూరం అని రెండేళ్లుగా ఊరిస్తున్నావని నీ పేరెత్తితే చాలు మీ చెల్లెలు మూతి తిప్పుతోంది. మిగతావి ఫోన్లో.

ఇప్పుడు కూర్చో. నేను ఎంబీఏకి అప్లై చేశాను. నవ్వావు కదూ? సరే, నవ్వడం అయ్యాకే చదువు.

ముప్పై ఎనిమిదేళ్లు, బీటెక్‌లో 54 శాతం, పన్నెండు బ్యాక్‌లాగులు, ఇవన్నీ నీకు నేను కొత్తగా చెప్పేదేముంది. ఈ వయసులో ఎందుకురా అంటే సగం కారణం మా ఓనర్ గారి కొత్త అల్లుడు. పన్నెండేళ్లుగా మిర్చి కోల్డ్ స్టోరేజీ లెక్కలన్నీ నా చేతి మీద నడుస్తుంటే, ఆయనొచ్చి బోర్డు మీద బాణాలు గీసి వర్కింగ్ క్యాపిటల్ అంటే ఏంటో నాకు చెప్పాడు. చెప్పింది కరెక్టే, అదే నా మంట. పోనీ వదిలెయ్.

క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల కోర్సుకి పోదామంటే, యాభై శాతం దాటాను కాబట్టి రాయనిస్తారు గానీ, చాలా ఐఐఎంలు ఇంటర్వ్యూకి పిలిచే ముందు టెన్త్ నుంచి డిగ్రీ దాకా మార్కులన్నీ తూకం వేస్తాయి. ఆ తూకంలో నేను తాలు కాయని. అందుకని అనుభవం ఉన్నవాళ్ల కోసం పెట్టిన ఏడాది కోర్సులే దిక్కయ్యాయి. అహ్మదాబాద్ ఐఐఎంలో అలాంటి కోర్సు 2006లో మొదలైందట, అంటే సరిగ్గా మనం మూడో ఏడాది తగలేస్తున్నప్పుడన్నమాట! వీటికి జీమ్యాట్ గానీ జీఆర్ఈ గానీ ప్రవేశ పరీక్ష రాయాలి, నేను జీమ్యాట్ పట్టుకున్నాను. ఇప్పుడది మూడు భాగాలు, ఒక్కోటి 45 నిమిషాలు, స్కోరు 205 నుంచి 805 దాకా. లెక్కల భాగంలో క్యాలిక్యులేటర్ ఇవ్వరు, అది నాకో లెక్కా, రోజూ మిర్చి టిక్కీల (బస్తాల) తూకాలు నోటితో కట్టేవాణ్ణి. ఇంగ్లిషే ముంచింది. మొదటిసారి 555. ఆరు నెలలు రాత్రి పదింటికి గోడౌన్ ఆఫీసులో శాలువా కప్పుకుని కూర్చుంటే రెండోసారి 645 వచ్చింది, పాత లెక్కలో 700 దగ్గరకి వస్తుందంటారు. ఏ స్కూలో మాత్రం చెప్పను, దిష్టి తగులుతుంది.

ఇక్కడో తప్పు చేశాను. మార్కులు ఎందుకు తగ్గాయో రాసుకోమని అప్లికేషన్లో చిన్న చోటు ఇస్తారు. సాకులు వద్దు, నాలుగు లైన్లు చాలు, తర్వాత ఏం బాగుపడ్డావో చూపించు అని తెలిసినవాళ్లంతా చెప్పారు. బుద్ధిగా విన్నాను. విని, నాన్న బైపాస్ గురించి రాశాను. 2007 జూలై, గుర్తుందిగా, నువ్వే రక్తం ఇచ్చావు. ఆపరేషన్ నిజం, మార్కులు తక్కువ రావడం నిజం, రెంటినీ పక్కపక్కన పెట్టాను, అబద్ధం ఎక్కడుంది అనుకున్నాను.

ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో. తెల్లారగట్ల పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పెళ్లినాటి కోటుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను (ఇప్పుడు బొత్తాం పడదు, అడక్కు). నా సర్టిఫికెట్ల ఫైలు పదేళ్లుగా ఎక్కడుందనుకున్నావు? గోడౌన్ ఆఫీసు బీరువాలో, శాంపిల్ మిరపకాయల మీద. నా ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది కాబట్టి నాకేం తెలియలేదు. తలుపులన్నీ మూసిన ఏసీ గది, లోపల ఇద్దరు సార్లు, ఒక మేడం. మేడం ఫైలు తెరిచి మెమోలు తిప్పుతోంది. నాలుగో మెమో దగ్గర తుమ్మింది. ఐదో మెమోకి మళ్లీ తుమ్మింది. పక్కనున్న పెద్దాయన దగ్గడం మొదలుపెట్టాడు, మూడో ఆయన లేచి తలుపు తీశాడు. ఏంటిది అని అడిగితే కంగారులో "తేజ, సర్" అన్నాను. తేజ ఎవరు అన్నాడాయన!

మిరపకాయలో ఓ రకం సర్ అన్నాను. ఇంక చూస్కో, ఇరవై నిమిషాలు మిరపకాయే. రైతు కోల్డ్ స్టోరేజీలో ఎందుకు పెడతాడు, సరుకు దాచినట్టు మేమిచ్చే బాండు మీద బ్యాంకు అప్పు ఎలా ఇస్తుంది, రేటు పడిపోతే ఆ అప్పు ఏమవుతుంది, అన్నీ అడిగారు. 2023లో తేజ క్వింటా 20,000 దాటిందనీ, ఇంకా పెరుగుతుందని ఆ తర్వాత దాచుకున్నవాళ్ల పాత సరుకు లోపల ఉండగానే కొత్త పంట వచ్చి మీద పడిందనీ, 2025 ఫిబ్రవరిలో ఆంధ్రా మిర్చికి కేంద్రం 11,781 రూపాయల రేటు ప్రకటించాల్సి వచ్చిందనీ చెప్పాను. రేటు ఎంతున్నా మా అద్దె టిక్కీకే కదా, మరి మీకేం నష్టం అన్నాడు పెద్దాయన. అద్దె కట్టి సరుకు విడిపించుకోవడం దండగ అని రైతు అనుకున్న రోజు మా అద్దె కూడా లోపలే ఉండిపోతుంది సర్ అన్నాను. ఆయన పెన్ను తీసి రాసుకున్నాడురా! నేను చెప్పింది! గెలిచేశాను అనుకున్నాను.

అప్పుడు మేడం, ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకునే, చాలా మెల్లగా అడిగింది. "మీ నాన్నగారి ఆపరేషన్ 2007 జూలై అని రాశారు. ఈ ఆరు సబ్జెక్టులు 2006 నవంబర్లో పోయాయి కదా?"

మెమో మీద నెల, సంవత్సరం వేస్తారని నాకెందుకు తట్టలేదో. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. నాన్నకి అప్పటికే ఒంట్లో బాగుండేది కాదని ఓ ముక్క అనొచ్చు, నోటిదాకా వచ్చింది కూడా. కానీ మొన్న ఊరెళ్లినప్పుడు వీధరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్న మనిషి కళ్ల ముందుకొచ్చి, ఇంకా ఎన్నిసార్లు ఆయన్ని ఆపరేషన్ బల్ల ఎక్కిస్తాను అనిపించి...

చెప్పేశాను. సర్, ఆ సెమిస్టర్ మేము చదవలేదు, హాస్టల్ మెస్ నడిపాం అని. కాంట్రాక్టర్ వదిలేసి పోతే మనం ఎత్తుకోవడం, నేను మేనేజర్ నువ్వు క్యాషియర్, నలభై మంది, తలకి నెలకి 800, అన్నీ చెప్పాను. గురువారం సాంబారు ఒక్కటి చెప్పలేదు, అది మనతోనే పోవాలి. కిరాణా కొట్టు ఆయన వారం వారం డబ్బులడిగేవాడు, మనమేమో నెలాఖరుకి వసూలు చేసేవాళ్లం, దీపావళికి ఇళ్లకి వెళ్లిన పద్నాలుగు మంది రెండు నెలల బాకీ ఎగ్గొట్టారు, కొట్టుకి మనం కట్టాల్సిన బాకీ 22,000 మిగిలింది. పెద్దాయన నవ్వాడు. ఇది మేము మొదటి టర్మ్‌లో చెప్పే పాఠమే అన్నాడు. బోర్డు మీద ఆ అల్లుడి బాణాలు గుర్తొచ్చి నాకూ నవ్వొచ్చింది.

తర్వాత ఆయనే మామూలుగా అడిగాడు, మరి ఆ బాకీ ఎవరు తీర్చారు అని.

మా క్యాషియర్ సర్, బండి అమ్మేశాడు అన్నాను. అనేసరికి గొంతు పట్టేసిందిరా, ఎందుకో తెలియదు, ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు. వాళ్లు ఘాటు అనుకుని మంచినీళ్లు ఇచ్చారు. దొంగలెత్తుకుపోయారని మీ నాన్నకి చెప్పావే, అది మాత్రం చెప్పలేదు.

మేడం వదల్లేదు. ఇదంతా అప్లికేషన్లో ఎందుకు రాయలేదు అంది. తెలివితక్కువవాళ్లలా కనిపిస్తామని, అన్నాను. ఏదో రాసుకుంది, అర లైను కూడా ఉండదు. ఫైలు మూసి నా చేతికిచ్చి మళ్లీ తుమ్మింది. అంతే, అయిపోయింది.

రిజల్టు వచ్చే నెల. ఇద్దరు నా వైపు, మేడం కాదు అని ఓ రాత్రి అనిపిస్తుంది, ఇంకో రాత్రి మేడమే నా వైపేమో అనిపిస్తుంది. మీ చెల్లెలికి తుమ్ముల దాకే చెప్పాను.

కానీ ఇంత పొడుగు ఉత్తరం అందుకు కాదు. తిరుగు రైల్లో కూర్చుని లెక్క వేశాను. 22,000లో సగం నాది. పదకొండు వేలు. నీకు ఇచ్చానా నేను? ఉద్యోగం వచ్చాక ఒకసారి కవర్లో ఏదో ఇచ్చినట్టు గుర్తు, అది నీ పెళ్లి చదివింపులో, బాకీయో... ఇవ్వలేదు కదూ? నువ్వు ఒక్కసారైనా అడగలేదేంట్రా? ఇన్నేళ్ల వడ్డీతో

కరెంటు పోయింది. జనరేటర్ స్టార్ట్ కావట్లేదని కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు, కంప్రెసర్ ఆగితే లోపల సరుకు వేడెక్కుతుంది. వెళ్తున్నా. నీ అకౌంట్ నంబర్ పెట్టు.

నీ మేనేజరు