శైలూ, ముందు ఫోన్ చెయ్

విద్యానగర్,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మా శైలూ,

ఎలా ఉన్నావమ్మా? చింటూ పరీక్షలు ఎలా రాస్తున్నాడు? లెక్కల పేపరు అయ్యాక వాడికి తలనొప్పి వస్తుంది, ప్రతిసారీ అంతే, ఆ పూట గుర్తుపెట్టుకుని మజ్జిగ తాగించు. ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. పైన ట్యాంకులో నీళ్ళు పది గంటలకే కాలుతున్నాయి.

నువ్వు మాట్లాడి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడుతున్నావు, అది మాట్లాడినట్టు కాదు కదా. ఆఫీసులో పని ఎక్కువగా ఉంటుందని నాకు తెలుసు. నేనేమీ అడగడానికి రాయట్లేదు, ఇంటి కబుర్లు నాలుగు రాద్దామని కూర్చున్నా.

మొన్న సరోజత్త వచ్చింది. సున్నుండలు తెచ్చింది, మీ అమ్మకు ఇష్టమని. అన్నీ మాట్లాడి, వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "శైలు ఉద్యోగం మానేసి హైదరాబాద్ వచ్చేస్తోందట కదన్నయ్యా" అంది. నాకు తెలియదన్నాను. సరే, ఆ సంగతి తర్వాత.

మీ అమ్మ నడక గురించి చెప్పాలి నీకు. సెప్టెంబరులో మొదలుపెట్టినప్పుడు ఎనిమిది నిమిషాలకే మోకాళ్ళు పట్టుకుని నిలబడిపోయేది. ఇప్పుడు ముప్పై అయిదు నిమిషాలు, వారానికి అయిదు రోజులు. పొద్దున అయిదున్నరకు స్కూటర్ మీద ఉస్మానియా క్యాంపస్‌కి వెళ్ళి, చెట్ల కింద నడిచి, ఆర్ట్స్ కాలేజీ కనిపించే చోట బెంచీ మీద కాసేపు కూర్చుని వస్తాం. షూ వేసుకోనని నెల రోజులు మొండికేసింది. చీర మీద షూ ఏంటండీ, నలుగురూ ఏమనుకుంటారు అని. లేసులు కట్టుకోవడం కష్టమని పట్టీ అతుక్కునేవి తెచ్చాను. ఇప్పుడు తనే కుచ్చిళ్ళు బెత్తెడు పైకి తీసి రెండు పిన్నులు పెట్టుకుంటుంది, గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని ఆ పట్టీ చర్రున లాగి, మళ్ళీ అతికించి, మళ్ళీ లాగి చూసుకుంటుంది. ఆ చప్పుడు వింటే నాకు ధైర్యంగా ఉంటుంది శైలూ.

డాక్టరు చెప్పిన కొలత ఒకటే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాడగలుగుతున్నారంటే వేగం చాలనట్టు. మీ అమ్మ సంగతి నీకు తెలుసుగా, చెట్టు కనిపిస్తే చాలు కీర్తన ఎత్తుకుంటుంది. గొంతు లేచిందంటే నేను అడుగు పెంచుతాను, "ఏంటండీ ఆ తరుముడు" అంటూ వెనకాలే వస్తుంది. కీర్తన ఆగిపోయి మాటలు మిగిలితే ఆ వేగం సరైనదని లెక్క.

నువ్వు నిజంగా రాజీనామా ఇచ్చేశావా? ఇంకా ఇవ్వలేదా? సరోజకు ఎవరు చెప్పారో అడిగితే "ఎవరో అన్నారు" అంటుంది, అది ఎప్పుడూ అంతే.

శ్రావణంలో జరిగింది నీకు సగమే చెప్పాను. పూర్తిగా చెప్తే నువ్వు ఆ రాత్రే బస్సెక్కుతావని చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా. ఆ రోజు శుక్రవారం. కరివేపాకు, కొత్తిమీర తెస్తానని పది గంటలకు వెళ్ళింది. మన సందు చివర బండి దగ్గరికి, ఎంతసేపు పడుతుంది, పది నిమిషాలు. నేను పేపరు చదువుతూ కూర్చున్నా. పదిన్నర అయింది, పదకొండయింది. విజయమ్మ గారింట్లో కూర్చుందేమో అనుకున్నా. అక్కడ లేదు. గుడికి వెళ్ళి చూశా, లేదు. ఫోన్ చేస్తే వంటింట్లో బియ్యం డబ్బా మీద మోగుతోంది. అప్పుడు కాళ్ళు వణికాయి నాకు. స్కూటర్ తీసుకుని రామ్‌నగర్ మార్కెట్ దాకా వెళ్ళా, మళ్ళీ వెనక్కి వచ్చా, రైల్వే స్టేషన్ వైపు వెళ్ళా. రోడ్డు మీద మట్టి రంగు చీర కట్టుకున్న ప్రతి ఆడమనిషి మొహమూ చూస్తూ తిరిగాను. పన్నెండున్నరకు మన కిరాణా కొట్టు యాదగిరి ఫోన్ చేశాడు, "సార్, అమ్మ నల్లకుంటలో ఉన్నదట" అని.

శంకరమఠం వెనక సందు. మనం 1998 దాకా అద్దెకున్న ఇల్లు. ఇల్లెక్కడుంది, అది పడగొట్టి నాలుగంతస్తులు లేపి ఎన్నేళ్ళయిందో. మీ అమ్మ నేరుగా ఆ గేటులోకి వెళ్ళి, వాచ్‌మన్ గది తలుపుకున్న తాళానికి మన ఇంటి తాళంచెవి పెట్టి తిప్పుతోందట. ఎర్ర దారం కట్టిన చెవి, నీకు గుర్తుందిగా. వాచ్‌మన్ భార్య కేకలేయలేదు. మహాతల్లి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పేరు అడిగితే చెప్పింది కానీ ఇంటి నంబరు, ఫోన్ నంబరు చెప్పలేకపోయిందట. పర్సులో కిరాణా బిల్లు మీద కొట్టు నంబరు చూసి యాదగిరికి చేసింది. నేను వెళ్ళేసరికి మీ అమ్మ ఆ పిల్లకు పాలకూర పప్పులో చింతపండు ఎప్పుడు వెయ్యాలో చెప్తోంది. నన్ను చూసి "తాళం పట్టట్లేదండీ, శైలు బడి నుంచి వచ్చే వేళయింది" అంది.

అంతే శైలూ. కొత్తిమీర కట్ట ఇంకా చేతిలోనే ఉంది, వాడిపోయింది.

తర్వాత పరీక్షలన్నీ చేయించాం. తలకు ఎమ్మారై, థైరాయిడ్, బీ12, షుగర్. బీ12 బాగా తక్కువుంది, ఇంజక్షన్లు ఇచ్చారు. బీపీ ఎక్కువుంది, మాత్ర మార్చారు. మతిమరుపు వయసుతో వచ్చే మామూలుది కాదు, అలాగని డిమెన్షియా, అంటే ముదిరిన మతిమరుపు జబ్బు, అనడానికీ లేదు, రెంటికీ మధ్యలో ఉంది, దాన్ని మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటారన్నాడు డాక్టరు. బీపీ అదుపులో పెట్టండి, నడిపించండి అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇంత జరిగితే నడవమంటాడేంటి అని. ఇంటికొచ్చి నెల రోజులు చదివాక ఆయన ఎందుకన్నాడో అర్థమైంది.

వాటర్ వర్క్స్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు పైపులతో బతికినవాణ్ణి, ఈ విషయం నాకు అర్థమైనట్టు ఎవరికీ అర్థం కాదనిపిస్తుంది. మెదడు బరువు ఒంట్లో నూటికి రెండు పాళ్ళు. ఒంటికి అందే ఆక్సిజన్‌లో మాత్రం ఇరవై పాళ్ళు అదే వాడుకుంటుంది. నిమిషానికి ముప్పావు లీటరు రక్తం దానికి పోతూ ఉండాలి, నిద్రలో కూడా. వయసు పెరిగేకొద్దీ ఆ సరఫరా తగ్గుతుంది. ఇంకోటి, వయసులో ఉన్నప్పుడు గుండె దగ్గరి పెద్ద గొట్టం రబ్బరులా సాగి ప్రతి దెబ్బనూ మింగేస్తుంది, ముందుకు మెత్తగా వదులుతుంది. పెద్దయ్యాక అది బిగుసుకుంటుంది, ఆ దెబ్బ నేరుగా మెదడులోని సన్నని నాళాల దాకా వెళ్ళి తగులుతుంది. లైన్‌లో వాల్వు ఒక్కసారి మూసేస్తే పైపు దబ్బున కొట్టుకుంటుంది చూడు, దాని కోసం మేం ఎన్ని రాత్రులు కాపలా కాశామో. ఒంట్లో ఆ దెబ్బ నిమిషానికి డెబ్బై సార్లు. చురుగ్గా నడిస్తే రక్తం గోడలను రాసుకుంటూ వేగంగా పోతుంది, ఆ ఒరిపిడికి నాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, దాంతో నాళం వదులవుతుంది. ఇనుప పైపుకు ఆ గుణం లేదు. మనిషి పైపుకు ఉంది. ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

కెనడాలో కాల్గరీ యూనివర్సిటీ వాళ్ళు 206 మందిని, సగటు వయసు 66, అప్పటిదాకా పెద్దగా కదలనివాళ్ళను తీసుకుని ఆరు నెలలు వ్యాయామం చేయించారు. మెదడుకు రక్తం 2.8 శాతం పెరిగింది. 2020లో అచ్చయింది. 2.8 ఏ మూలకు అంటావేమో, ఏడాదికేడాది తగ్గాల్సినది పెరిగిందని చూడు నువ్వు. అమెరికాలో డాలస్‌లో 60 నుంచి 80 ఏళ్ళ వాళ్ళతో ఏడాది చేయిస్తే మెడలోని ధమని బిగుతు తగ్గింది, మెదడుకు రక్తం పెరిగింది. అంతకుముందు 2011లో ఇంకొకటి, 120 మంది, వారానికి మూడు రోజులు నలభై నిమిషాల నడక, ఏడాది. హిప్పోకాంపస్ అని, జ్ఞాపకాలు పోగయ్యే చోటు, నడిచినవాళ్ళకు 2 శాతం పెరిగింది, ఊరికే ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవాళ్ళకు తగ్గింది.

నీ దగ్గర ఏదీ దాచను. డాలస్ వాళ్ళే మీ అమ్మలా మతిమరుపు మొదలైనవాళ్ళతో ఏడాది చేయించినప్పుడు, నడిచినవాళ్ళకూ ఒళ్ళు సాగదీసినవాళ్ళకూ జ్ఞాపకశక్తి పరీక్షల్లో తేడా రాలేదు. అంటే నడిస్తే పోయినవన్నీ తిరిగొస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేదు. నాకు తెలుసు ఆ సంగతి. నీళ్ళు సరిగ్గా వస్తే మొక్క బతికే అవకాశం ఉంటుంది, నేను చూడగలిగింది నీళ్ళ సంగతి.

అందుకే మూడు వారాల కిందట పాలగిన్నె మాడి ఇల్లంతా పొగైన రాత్రి నేను తట్టుకోలేకపోయాను. ఆరు నెలలు నడిపించాను కదా, ఇంకా ఇలా అవడమేంటి అని. పదకొండు గంటలకు నీకు ఫోన్ చేసి ఏడ్చాను. నువ్వు పుట్టాక నా ఏడుపు వినడం అదే మొదటిసారి, నీ గొంతు మారిపోవడం నాకు వినిపించింది. ఆ తర్వాతే నువ్వు మాట్లాడటం మానేశావు. నాకు చెప్పకుండా ఏర్పాట్లు చేస్తున్నావు. అవునా?

అలా చెయ్యకమ్మా. నువ్వు పదహారేళ్ళు కష్టపడి తెచ్చుకున్న కుర్చీ అది. చింటూకి పదో తరగతి పరీక్షలు, ఇప్పుడు ఊరు మారితే వాడి ఇంటర్ సంగతేంటి? కిరణ్‌ని అడిగావా? గ్యాస్‌కి ఆటోమేటిక్‌గా ఆగిపోయేది పెట్టించాను. విజయమ్మ గారమ్మాయి రెండు పూటలా వచ్చి వెళ్తోంది. మీ అమ్మ మెడలో గొలుసుకు నా నంబరు చెక్కిన చిన్న బిళ్ళ వేయించాను, బంగారమేనని చెప్తేనే వేసుకుంది. నేను చూసుకోగలను. ఏ రోజు చూసుకోలేనో ఆ రోజు నేనే పిలుస్తాను, మొహమాటపడను, ఇది నా మాట.

ఇంకో సంగతి, పండ్ల బండి రఫీక్‌తో మీ అమ్మ ఇప్పటికీ ఉర్దూలోనే బేరమాడుతుంది, యాకుత్‌పురా మాట పోలేదు. మన నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా పేషెంట్లను చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చిందని 2013లో తేలింది. ఫోన్ చేసినప్పుడు కాసేపు హిందీలో మాట్లాడు తనతో, నవ్వుతుంది.

ఇక నీ సంగతి. నలభై నాలుగు నిండాయి. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే రాత్రి ఏడుకు లేస్తావు. డిమెన్షియాలో దాదాపు 45 శాతం మన చేతిలో ఉన్న కారణాలను సరిచేసుకుంటే ఆపవచ్చో, వాయిదా వెయ్యవచ్చో అని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 14 కారణాలు చెప్పింది, అందులో బీపీ ఉంది, షుగర్ ఉంది, కదలకపోవడం ఉంది, చెవుడు కూడా ఉంది. బీపీ చెడ్డ పని మొదలుపెట్టేది నీ వయసులోనే. చింటూ కడుపులో ఉన్నప్పుడు నీకు షుగర్ వచ్చింది, మర్చిపోకు. వారానికి నూట యాభై నిమిషాలు, రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు, అంతే అడుగుతున్నా. లిఫ్టు ఎక్కకు. మధ్యాహ్నం ఆ బిస్కెట్లు మానెయ్. చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని అంత గట్టిగా పాటలు వినకు. ఉపన్యాసం ఇవ్వనని కూర్చున్నాను, అయినా ఇవి చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

రావాలనిపిస్తే మేలో రా, చింటూ సెలవులకు. పది రోజులు ఉండు, పొద్దున్నే మాతో నడువు, ఉద్యోగం ఉంచుకుని రా. అయిదింటికే బయల్దేరాలి అప్పుడు, ఆరున్నరకే ఎండ చురుక్కుమంటుంది. నీ షూ తెచ్చుకో, ఆ హవాయి చెప్పులతో కుదరదు, కిందటిసారి కాలు మడతపడింది కదా.

సరోజత్త సున్నుండలు డబ్బాలో నీకు ఆరు తీసి ఉంచాను. ఉగాదికి ఎవరైనా అటు వస్తుంటే పంపుతా.

రేపు ఆరూ ఇరవైకి మేం బెంచీ దగ్గర ఉంటాం. ఫోన్ మీ అమ్మ చేతిలోనే పెడతాను. రాజీనామా సంగతి తనకేమీ తెలియదు, తన దగ్గర ఎత్తకు. ముందు తనతో మాట్లాడు, తర్వాత నాకివ్వమను.

మీ నాన్న