షోకేసు బొమ్మలకు రాతిరంగు

విశాఖపట్నం

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలతో ఆడే నీ యుద్ధాల ఆటకి రాతి శిథిలాల్లా కావాలన్నావని అక్వేరియంలోని విరిగిన స్తంభాలు, పింగాణీ కోట, ప్లాస్టర్ సింహం తీసి పక్కన పెట్టాను. దసరా సెలవులకి వచ్చి ఇక్కడే రంగులు వేసుకుందువుగాని. ఏటికొప్పాక బొమ్మలు మాత్రం అడగకు. ఆ లక్క నునుపు మీద మన రంగు నిలవదు, స్పిరిట్ తగిలితే లక్కే కరుగుతుంది. అంత పనితనాన్ని కప్పెయ్యడానికి నాకు మనసొప్పదు కూడా.

ముందు కొలత చూసుకో. 28 మిల్లీమీటర్ల సైనికుడికి 35–40 మిల్లీమీటర్ల తలుపైతే నప్పుతుంది. కోట తలుపు గోరంతే ఉంది, దాన్ని ఎంసీల్‌తో (కలిపి నొక్కితే గట్టిపడే ముద్ద) పూడ్చి ఉత్త గోడ చేసెయ్. సింహానికి ఆ బాధ లేదు, ఎంత పెద్దదైనా రాతి విగ్రహమనే అనుకుంటారు.

స్తంభాలు రెజిన్‌వి, అచ్చులోంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో తోమి రాత్రంతా ఆరనివ్వు. పింగాణీని 240 నంబరు వాటర్ పేపర్‌తో, తడిగానే, మెరుపు పోయేదాకా రుద్దు. ప్లాస్టర్ రంగుని తాగేస్తుంది, అందుకే ఫెవికాల్, నీళ్లు సమంగా కలిపి ముందే రెండు పూతలు వెయ్యాలి.

బొమ్మ నిలబెట్టే అడుక్కి 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) చాలు. దాని మీద ఇసుక అతికించడానికి ఒకవైపే తడి జిగురు రాస్తే వంకర తిరుగుతుంది, రెండువైపులా రాయి. బొమ్మకీ చెక్కకీ మధ్య సందు కనిపిస్తే తెచ్చి పెట్టినట్టుంటుంది. అక్కడ ఎంసీల్ నొక్కి, ఇసుకని బొమ్మ అంచు మీదికి కాస్త ఎక్కించు. బీచ్ ఇసుకైతే మంచినీళ్లతో మూడుసార్లు కడుగు, లేదంటే ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది.

నల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) స్ప్రే తెల్లవారుజామున కొట్టకు. ఆ తేమకి పూత గరుకెక్కి, బూడిద చల్లినట్టవుతుంది. ఎండ కాసే మధ్యాహ్నం, 20–25 సెంటీమీటర్ల దూరం నుంచి పలచగా రెండుసార్లు కొట్టు. వాన పట్టిందా, డబ్బా పక్కన పెట్టి నల్ల అక్రిలిక్ బ్రష్‌తో వేసుకో. థర్మోకోల్ ముక్క ఏదైనా అతికించి ఉంటే స్ప్రేకి కరిగి గుంటలు పడుతుంది, దాన్నీ ముందే ఫెవికాల్‌తో కప్పాలి.

అసలు అందమంతా ఆ తర్వాతే. ముదురు బూడిద మూడు వంతులు, గోధుమ ఒక వంతు కలిపి అంతటా వెయ్యి. అది ఆరాక ముదురు గోధుమ ఒక వంతుకి ఎనిమిది వంతుల నీళ్లు, ఒక్క చుక్క గిన్నెల సబ్బు కలిపి పగుళ్లలోకి వదులు. సబ్బు లేకపోతే నీళ్లు పూసల్లా నిలిచిపోతాయి. మడుగు కట్టిన చోట పొడి బ్రష్ మొనతో పీల్చెయ్, వదిలేస్తే వలయం మరక మిగులుతుంది. పూర్తిగా ఆరాక లేత బూడిదలో బ్రష్ ముంచి, గుడ్డకేసి తుడిచి తుడిచి, వేలి మీద గీస్తే గీతల్లోనే రంగు కనబడేంత పొడిగా చేసుకుని రాతి అంచుల మీద ఆడించు. సింహం జూలులో ఒక్కో వెంట్రుక పాయా పైకి లేస్తుంది చూడు. బ్రష్ తడిగా ఉంటే మాత్రం చారలు పడి పనంతా పాడవుతుంది.

నేలకి భీమిలి ఎర్రమట్టి దిబ్బల రంగు వేస్తే బాగుంటుంది: బర్న్ట్ సియెనా అనే ఎర్ర గోధుమ రంగులో కాస్త పసుపు ఓకర్. చూసి రంగు పట్టుకో గానీ, అక్కడి మట్టి మాత్రం తేవద్దు.

చివర్లో మెరుపు లేని మ్యాట్ వార్నిష్ పలచగా రెండు పూతలు. ఆ పనికి ఫెవికాల్ వాడకు, మన ఊరి ఉక్కకి జిగటెక్కి సైనికులు అంటుకుపోతారు. అడుగున ఫెల్ట్ గుడ్డ అతికించు, పింగాణీ బరువుకి భోజనాల బల్ల గీసుకుపోకుండా.

మీ నాన్న